టచింగ్ చేయని ఫొటో

ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందు అడిగేది ఏ కెమెరా వాడారని. తర్వాత ఏ లెన్సు అని. ఆ రెండూ అయ్యాక కాస్త గొంతు తగ్గించి, "ఖతర్‌లో అన్నేళ్ళు ఎట్లా నడిపించిన్రు మేడమ్, అక్కడి ఆడవాళ్ళు అసలు ఫొటోలు దిగుతరా?" అని అడుగుతారు.

దిగుతారు. మనకంటే ఎక్కువే దిగుతారు. కాకపోతే ఫొటో ఎలా వచ్చిందన్న దానికంటే ఎవరు తీశారు, ఎవరు కడిగారు, చివరికి ఎవరి చేతికి వెళ్ళింది అన్నవే వాళ్ళకు ముఖ్యం. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో, ఒక సందు వైపు తెరుచుకునే ఆడవాళ్ళ స్టూడియోలో నేను పాతికేళ్ళకు పైగా పనిచేశాను. జీతం ఎప్పుడు పెరిగింది, వీసా ఎన్నిసార్లు మారింది వంటివి రాస్తే మా మనవరాలే ఆవులిస్తుంది. కాబట్టి అవి వదిలేస్తున్నాను. నన్ను మనిషిని చేసిన ఒక యజమానురాలి గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి, ఒక అమ్మాయి ముఖం గురించి రాస్తాను. మీకు పనికొచ్చేది ఏమైనా ఉంటే అందులోనే ఉంటుంది.

జగిత్యాలలో నేర్చిన చేయి

మా అబ్బాకు జగిత్యాలలో స్టూడియో ఉండేది. కొడుకులు లేరు. అందుకని డార్క్‌రూమ్‌లో సాయానికి నన్ను పెట్టుకున్నాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి టచింగ్‌లో ఆయన్ని మించిపోయాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఆయనే ఒప్పుకున్నాడు.

టచింగ్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. నెగెటివ్‌ను ఏటవాలు గాజుపలక మీద పెట్టి, వెనక నుంచి వెలుతురు పంపి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దాని మీద సన్నగా గీస్తాం. ముఖం మీద నల్లగా ఉన్న చోటు నెగెటివ్‌లో తేటగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్ పొడి నింపితే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. మచ్చ పోతుంది, కంటి కింద చార పోతుంది, ఓపికుంటే ముఖమంతా ఒక రంగు తగ్గుతుంది.

మా ఊళ్ళో టచింగ్ చేయకుండా పెళ్ళిసంబంధాలకు ఫొటో పంపడమంటే తల దువ్వకుండా పంపడమే. నల్లపిల్లను చామనఛాయకు తెచ్చేదాన్ని, చామనఛాయ పిల్లను ఎర్రగా చేసేదాన్ని. తల్లులు నా చేతులు పట్టుకుని దీవించేవాళ్ళు. పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు ఫొటోను చూసి, పిల్లను చూసి, మళ్ళీ ఫొటోను చూసేవాళ్ళట. ఆ తంటా తనది కాదన్నట్టు అబ్బా చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఆ పిల్లలకు ఏమనిపించి ఉంటుందని నేను కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. నేను మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మాట గుర్తుంచుకోండి, నా పెద్ద తప్పంతా అందులోంచే వచ్చింది.

మా ఆయన దోహాలో డ్రైవరు. చమురు ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎగబాకిన రోజులవి. ఊరంతా తవ్వకాలు, సిమెంటు దుమ్ము. నిన్న చూసిన ఖాళీ జాగాలో ఇవాళ మూడంతస్తులు లేచేవి. నన్ను కూడా పిలిపించుకుంటానని ఆయన జాబు రాస్తే, మా అత్త ఊరంతా తిరిగి కోడలు దుబాయ్ పోతున్నదని చెప్పింది. దుబాయ్ కాదత్తమ్మా, ఖతర్ అంటే, "ఖతరైతేంది, అది గూడ దుబాయే గద" అంది. పాతికేళ్ళ తర్వాత నేను తిరిగొచ్చినప్పుడు కూడా ఆమెకు నేను దుబాయ్ నుంచే వచ్చాను.

ఉమ్ నాసర్

ఆ రోజుల్లో దోహాలో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే ఫొటో అవసరం పడింది. చదువుకని కైరో వెళ్ళేవాళ్ళు, వైద్యానికని లండన్ వెళ్ళేవాళ్ళు, కొత్తగా తెరిచిన బళ్ళలో టీచర్లుగా చేరేవాళ్ళు. అందరికీ పాస్‌పోర్టో, గుర్తింపు కార్డో కావాలి. ఫొటోలు తీసేవాళ్ళంతా మగవాళ్ళు. ఈ ఇబ్బందిని ముందుగా పసిగట్టింది ఉమ్ నాసర్.

అక్కడ ఆడవాళ్ళను పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు. నాసర్ తల్లి కాబట్టి ఉమ్ నాసర్. ఆమె ముత్యాల వర్తకుడి కూతురు. చిన్నతనం కొంత బొంబాయిలో గడిచింది కాబట్టి హిందీ గడగడా మాట్లాడేది. భర్త పోయాక ఆయన స్టూడియోను అమ్మేయమని మరుదులు చెప్పారు. ఆమె మధ్యలో మందపాటి పరదా కట్టించి రెండు చేసింది. రోడ్డు వైపు మగవాళ్ళది, వెనక సందు వైపు ఆడవాళ్ళది. రోడ్డు వైపు భాగాన్ని కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన యాదగిరి చూసుకునేవాడు. కట్టడాల మీద పనిచేసే మన తెలంగాణ కూలీలు శుక్రవారాల్లో కడిగిన చొక్కాలు తొడుక్కుని వచ్చి, ఇంటికి పంపే ఫొటోలు అతని దగ్గర దిగేవాళ్ళు. వెనక భాగం నాది. నాకు ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి కొడుకు పేరుతో పిలిచే వీలు లేక అందరూ నన్ను ముసవ్విరా అనేవాళ్ళు. ఫొటోలు తీసే ఆమె అని దానికి అర్థం. నాకు మాత్రం అంతకంటే మంచి పేరు ఇంకెవరూ పెట్టలేదు.

ఆమె పెట్టిన నియమాలు మూడు. పరదా ఇవతల తీసిన ఫిల్ము రోలు ఇవతలే కడగాలి. ప్రింట్లతో పాటు నెగెటివ్ కూడా ఆ మనిషి చేతికే ఇచ్చేయాలి, మన దగ్గర ఒక్కటీ ఉండకూడదు. పాడైన ప్రింటును, వెలుతురు సరిచూడటానికి ముందుగా తీసిన నమూనాను ముక్కలు చేసి డబ్బాలో వేసి కాల్చాలి. అద్దాల బీరువాలో ఆడమనిషి ఫొటో పెట్టే మాటే లేదు. మొదట్లో ఇదంతా నాకు చాదస్తంగా అనిపించింది. తర్వాత తెలిసింది, ఈ మూడు నియమాల మీద నమ్మకంతోనే తల్లులు కూతుళ్ళను మా దగ్గరికి పంపుతున్నారని, అందువల్లే ఆ కూతుళ్ళకు పాస్‌పోర్టులు వచ్చాయని, చదువులు, ఉద్యోగాలు వచ్చాయని.

మొదటి తప్పు మొదటి వేసవిలోనే చేశాను. జగిత్యాలలో బావినీళ్ళు చల్లగా ఉండేవి. దోహాలో మిద్దె మీది ట్యాంకు నుంచి నీళ్ళు చేయి కాలేటట్టు వచ్చేవి. చూసుకోకుండా ఒక పెళ్ళికూతురి రోలును ఆ నీళ్ళతో కడిగాను. ఫిల్ము మీది పూత పాలమీగడలా జారిపోయింది. పన్నెండు ఫొటోల్లో ఒక్కటీ మిగల్లేదు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఉమ్ నాసర్ అబాయా వేసుకుని, "యల్లా, నడు" అంది. ఇద్దరం కొత్తగా లేస్తున్న అల్ సద్ పేటలోని ఆ ఇంటికి వెళ్ళాం. గుమ్మంలోనే, వాళ్ళు కూర్చోమనక ముందే, "మా వల్ల మీ ఫొటోలు పాడయ్యాయి. అమ్మాయికి మళ్ళీ బట్టలు కట్టండి, ఇప్పుడే తీస్తాం" అంది. నీళ్ళ వల్ల అనలేదు, కొత్త పిల్ల వల్ల అనలేదు. వాళ్ళు గంటసేపు తిట్టి, తర్వాత అన్నం పెట్టారు. మర్నాటి నుంచి చేపల మార్కెట్టు నుంచి ఐసు తెప్పించి నీళ్ళు చల్లబరిచేవాళ్ళం.

ఆమెలో మంచే ఉందని రాస్తే అబద్ధమవుతుంది. కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేసేది. మెచ్చుకోలు మాట నోట్లోంచి రావడం నేను నాలుగుసార్లే విన్నాను. మా ఫొటోల వెనక ముద్ర మాత్రం చివరిదాకా చనిపోయిన భర్త పేరుతోనే వేయించింది. ఎందుకమ్మా, తీసేది నేను, నడిపేది మీరు అంటే, "ఆయన పేరుంటేనే మరుదులు ఊరుకుంటారు" అనేది. అయినా తప్పు జరిగితే గుమ్మంలోనే ఒప్పుకోవాలని నాకు నేర్పింది ఆమే. ఆ ఒక్కదానికే జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆడవాళ్ళ పేజీ రాసే మగాయన

నేను నూరాను మొదట చూసింది దోహా వెళ్ళిన ఐదో ఏడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న అల్ రువైస్ ఆమెది. తండ్రి సాలిం ఒకప్పుడు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు, ఆ పని పోయాక చేపలు పట్టేవాడు. తల్లి లేదు. ఆమె దోహాలో పిన్ని ఇంట్లో ఉంటూ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది.

అక్కడి ఒక పత్రికలో వారానికోసారి ఆడవాళ్ళ పేజీ వచ్చేది. ఫలానావాళ్ళ తల్లి అన్న కలంపేరుతో ఒక పెద్దమ్మ వంటలు, పిల్లల పెంపకం, మొగుడితో ఎలా నడుచుకోవాలి అన్నవి రాసేది. ఆ పెద్దమ్మ ఇంత లావు మీసాలున్న మగాయన అని కొన్నాళ్ళకు ఊరంతా పొక్కింది. పాలిచ్చే తల్లులకు కూడా ఆయనే సలహాలు ఇచ్చాడు. మా స్టూడియోలో ఆ రోజంతా నవ్వులే. ఉమ్ నాసర్ అయితే నవ్వలేక పొట్ట పట్టుకుని కింద కూర్చుంది.

అప్పటికే నూరా ఆ పత్రికకు వ్యాసాలు పంపుతూ ఉంది. ఆడవాళ్ళకు సర్కారు ఆఫీసుల్లో టైపు పని తప్ప మరొకటి ఎందుకివ్వరు, రాత్రిబడికి వచ్చే తల్లులకు బస్సు ఎందుకు లేదు, అలాంటివి. ఎడిటరు ఆమెను పిలిపించి, పేజీ నీకే ఇస్తాను, కానీ ఈసారి కలంపేరు పెడితే జనం ఇది కూడా మీసాలాయనే అంటారు, కాబట్టి నీ అసలు పేరు, ఫొటో ఉండాలి అన్నాడు. గురువారం సాయంత్రంలోగా ఇస్తే శనివారం పేపర్లో వేస్తాం, లేకపోతే పేజీ మీసాలాయన దగ్గరే ఉంటుంది అని కూడా చెప్పాడు.

ఆ పిల్ల అల్ రువైస్ వెళ్ళి తండ్రిని అడిగింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, "సరే. కానీ వాళ్ళకు ఇచ్చే ముందు ఫొటో నేను చూడాలి" అన్నాడట. ఆ సంతోషంతో సోమవారం మా దగ్గరికి వచ్చింది.

"ముసవ్విరా, ముఖం మొత్తం కనిపించాలి. తల మీద షేలా ఉంటుంది, ముఖం మీద ఏమీ ఉండదు" అంది.

తీశాను. మంచి ఫొటో వచ్చింది. సూటిగా చూసే కళ్ళు ఆమెవి. కుడి కనుబొమ్మ పైన మాత్రం రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ ఉంది. రంగు కూడా కాస్త నలుపు. పేపర్లో పడుతున్న ముఖం, ఊరంతా చూస్తుంది, నా చేయి ఊరుకుంటుందా? ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పూటంతా గాజుపలక ముందు కూర్చున్నాను. మచ్చను ఆనవాలు లేకుండా తీసేశాను. చెంపలు, నుదురు రెండు రంగులు తగ్గించాను. జగిత్యాలలో అయితే ఆ తల్లి నా చేతులు కళ్ళకద్దుకునేది.

మంగళవారం నూరా వచ్చి చూసుకుంది. చాలాసేపు చూసింది. "ఇది నేనేనా?" అని నవ్వింది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వులో ఉన్నది సంకోచమని తెలుస్తోంది. నేను అంత కష్టపడ్డానని, నన్ను నొప్పించడం ఇష్టంలేక ఆ పిల్ల ఏమీ అనలేదు. నియమం ప్రకారం ప్రింటు, నెగెటివ్ ఒకే కవరులో పెట్టి ఇచ్చేశాను. ఆ రోజే ఊరికి వెళ్ళే బంధువు చేతికిచ్చి తండ్రికి పంపింది.

పరదా అవతలి గొంతు

గురువారం పొద్దున దుకాణం తెరిచి గంట కూడా కాలేదు. పరదా అవతలి నుంచి యాదగిరి పిలిచాడు.

"అక్కా, ఎవలో ముసలాయన వచ్చిండు. చేతిల మన కవరున్నది. లోపలికి వస్త అంటుండు. మస్తు కోపం మీదున్నట్టున్నడు."

"లోపలికి రానియ్యకు తమ్మీ. మేడమ్‌ను పిలుస్త ఆగు" అన్నాను.

ఉమ్ నాసర్ వచ్చి పరదా దగ్గర నిలబడింది. ఎవరైనా సరే, మగవాళ్ళు ఇవతలికి రావడానికి వీల్లేదని చెప్పింది. అవతలి నుంచి బొంగురు గొంతు, తాను నూరా తండ్రినని చెప్పింది. ముఖం చూపించడం ఇష్టంలేక మనసు మార్చుకుని వచ్చాడని, పేజీ పోయినట్టేనని అనుకున్నాను.

"ఈ ఫొటో తీసింది ఎవరు?" అన్నాడు.

"నేనే బాబాయ్" అని నాకొచ్చిన అరబీలో అన్నాను.

పరదా కింది నుంచి కవరు ఇవతలికి తోశాడు. "నా కూతురును ఎక్కడ పెట్టావు? ఇందులో ఉన్నది ఎవరు?"

తర్వాత చాలా మాట్లాడాడు. నా అరబీకి అందలేదు. ఉమ్ నాసర్ వింటూ వింటూ హిందీలో నాకు చెప్పింది.

నూరాకు మూడేళ్ళప్పుడు ఊళ్ళో కామెర్లు వచ్చాయి. అదే వారం ఆమె తల్లి పోయింది. పిల్ల కూడా కళ్ళు తేలేసింది. దగ్గర్లో డాక్టరు లేడు. వైద్యం చేసే ముసలాయన ఇనుపకడ్డీ కాల్చి కనుబొమ్మ పైన వాత పెట్టాలన్నాడు. పిల్లను కదలకుండా ఒళ్ళో పట్టుకోవడానికి ఆడవాళ్ళెవరికీ మనసు రాలేదు. సాలిమే పట్టుకున్నాడు.

"ఈ చేతులతో పట్టుకున్నాను" అన్నాడు అవతలి నుంచి. "అది అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. పొద్దున్నే ఆ మచ్చ చూసినప్పుడల్లా నా బిడ్డ బతికే ఉందని అనుకుంటాను. నువ్వు దాన్ని తీసేశావు. ముఖం చూపించడానికి నేను ఒప్పుకున్నాను. ఎవరిదో ముఖం చూపించడానికి ఒప్పుకోలేదు. నా కూతురి ముఖం అంటే మీకు అంత సిగ్గయితే పేపర్లో వేయడం దేనికి? వద్దు. ఏమీ వద్దు."

ఇలాంటి వాతలు మా దగ్గరా పెడతారు. మా చిన్నాన్న కూతురికి మోచేతి మీద ఉంది. దాన్ని చూస్తూ పెరిగిన నేను, నూరా ముఖం మీద అదే వాతను చూసి వట్టి మచ్చ అనుకున్నాను. తుడిచేయాల్సిందే అనుకున్నాను. సిగ్గుతో నేలలోకి కుంగిపోయాను.

ఉమ్ నాసర్ నావైపు చూసింది. గుమ్మంలో ఒప్పుకోవాల్సింది ఈసారి నేనే అని ఆ చూపు.

పరదాకు దగ్గరగా వెళ్ళాను. "బాబాయ్, తప్పు నాది. మీ అమ్మాయి అడగలేదు. తన ముఖమంటే ఆమెకు సిగ్గేమీ లేదు. మా దేశంలో ఇలా చేయడం మేలనుకుంటాం. అర్ధగంట కూర్చోండి. మీ కూతురును మీకు తిరిగి ఇస్తాను" అన్నాను. సగం అరబీ, సగం హిందీ. ఏం అర్థమైందో తెలియదు. కూర్చుంటానన్నాడు.

దేవుడి దయవల్ల, కవరులో తిరిగొచ్చిన ఆ నెగెటివ్ మీద బ్లేడు వాడలేదు. బ్లేడుతో గీకింది మళ్ళీ రాదు. పెన్సిల్ అయితే టర్పెంటైన్‌లో ముంచిన దూదికి వచ్చేస్తుంది. పూటంతా కూర్చుని చేసిన పని నాలుగు నిమిషాల్లో దూదికి నల్లగా అంటుకుని వచ్చేసింది. ఎర్ర దీపం కింద, డెవలపర్ ట్రేలో ముందు కళ్ళు తేలాయి, తర్వాత కనుబొమ్మ, దాని పైన వాత. జీవితంలో ఎన్ని వేల ఫొటోలు కడిగానో. ఒక మచ్చ తేలుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసింది ఆ ఒక్కసారే.

తడి ప్రింటును పలకకు అంటించి పరదా కింది నుంచి అవతలికి పంపాను.

"యాదగిరీ, ఏమంటుండు?" అని గుసగుసగా అడిగాను.

"ఏమంటలేడక్కా. ఏడుస్తుండు. నేను చాయ్ తెచ్చిన, తాగుతలేడు. ఫొటోల కనుబొమ్మ కాడ వేలు పెట్టి తడుముతుండు."

కాసేపటికి ఆ బొంగురు గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి మెత్తగా ఉంది. "పేపరు వాళ్ళకు ఇదే ఇవ్వండి. పేరు కూడా పూర్తిగా వేయమనండి. నూరా, సాలిం కూతురు. సగం పేరు వేస్తే నేను ఒప్పుకోను."

వెళ్ళే ముందు ఉమ్ నాసర్‌తో ఇంకో మాట అన్నాడట, ఆ హిందీ మనిషిని, అంటే హిందుస్తాన్ నుంచి వచ్చిన నన్ను, తిట్టొద్దని.

ఆమె నన్ను తిట్టలేదు. ప్రింటును ఆరబెట్టి సాయంత్రంలోగా నూరా చేతికిచ్చాం. శనివారం పేపర్లో నూరా బింత్ సాలిం అన్న పేరు మీద, నాలుగు వేళ్ళంత వెడల్పున, ఆ ముఖం పడింది. ఉమ్ నాసర్ పది కాపీలు కొంది. మీసాలాయన అలిగి క్రీడల పేజీకి మారాడని విన్నాం.

దాని తర్వాత

అంతా సుఖంగా జరిగిపోయిందని అనుకోకండి. ఎడిటరుకు తిట్లతో ఉత్తరాలు వచ్చాయి. బడిలో పెద్ద టీచరమ్మ నూరాతో మూడు నెలలు మాట్లాడలేదు. ఆ ఫొటో తీసింది మేమని తెలిసి రెండు కుటుంబాలు మా దగ్గరికి రావడం మానేశాయి. తండ్రి మాత్రం చదువు రాకపోయినా ప్రతి శనివారం పేపరు కొని, ఆ పేజీని ఎవరితోనో చదివించుకునేవాడట.

ఆడామగా సమానం అన్న దాని మీద నాకు ఉపన్యాసాలు రావు. నేను చూసింది చెబుతాను. మన దగ్గర ఇంత పరదా లేదు, మన ఆడపిల్లలు ముఖాలు చూపిస్తూ తిరుగుతారు అని నేను గర్వపడుతూ దోహా వెళ్ళాను. నా చేతుల్లోంచి వెళ్ళిన ముఖాల్లో ఒక్కటీ ఆ పిల్లల అసలు ముఖం కాదు. అక్కడ ముఖం చూపించాలా వద్దా అని ఇల్లంతా రోజుల తరబడి కొట్లాడుకునేవాళ్ళు, కానీ చూపిస్తే తమ ముఖమే చూపించేవాళ్ళు. ఏది మేలో మీరే తేల్చుకోండి. నేనైతే ఆ గురువారం తర్వాత అడగకుండా ఎవరి ముఖం మీదా పెన్సిల్ పెట్టలేదు. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ఫోనే ఆ పని క్షణంలో చేసేస్తుంది. దానికీ ఇదే చెబుతాను, ముందు అడగండి. చాలామంది వద్దంటారు. ఆ వద్దనడం వినడానికి బాగుంటుంది.

ఇరవై ఏళ్ళ తర్వాత, నేను తిరిగి వచ్చేసే రోజులు దగ్గరపడుతుండగా, అక్కడ మున్సిపల్ కౌన్సిల్‌కు ఓట్లు పెట్టారు. ఆడవాళ్ళూ ఓటేయొచ్చు, ఆడవాళ్ళూ నిలబడొచ్చు అన్నారు. నిలబడినవాళ్ళలో నూరా ఒకరు. అప్పటికి ఆ పేజీ మొత్తం ఆమె చేతిలోనే ఉంది, తల సగం నెరిసింది, సాలిం లేడు. పోస్టరుకు ఫొటో నేనే తీశాను. ఉమ్ నాసర్ చక్రాల కుర్చీలో వెళ్ళి ఓటేసి వచ్చింది. ఎవరికి వేశారని అడిగితే, అది అడగకూడదని నన్ను కసిరింది. తర్వాత పావుగంటలో తనే చెప్పేసింది.

నూరా ఓడిపోయింది. బాగానే ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వచ్చింది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ఓటమి గురించి తన పేజీలో తనే రాస్తోందట, దానికి ఫొటో కావాలంది.

"పోస్టరు ఫొటో ఉంది కదా?" అన్నాను.

"అది గెలుస్తాననుకున్న మనిషిది. ఇవాళ్టిది తియ్యి ముసవ్విరా."

తీశాను. వాచిన కళ్ళు, ఎండిన పెదవులు, పక్కకు జారిన షేలా. అవన్నీ అలాగే ఉంచాను. అలాగే అచ్చయింది. దాని కింద ఆమె ఏం రాసిందో యాదగిరి చదివించి విని చెప్పాడు. మళ్ళీ నిలబడతానో లేదో తెలియదు కానీ నిలబడినందుకు సిగ్గుపడటం లేదని రాసిందట.

నాలుగైదు రోజుల తర్వాత నడివయసు ఆవిడ ఒకతె వచ్చింది. ఒంటరిగా వచ్చింది. ఇవతలికి వచ్చాక ముఖం మీది నిఖాబు తీసి, సంచిలోంచి ఆ పేపరు ముక్క తీసి నా ముందు పెట్టింది.

"నాకూ ఇలాంటి ఫొటో కావాలి. ఎన్నికలకు" అంది.

"ఎన్నికలు అయిపోయాయి కదమ్మా."

"వచ్చేసారికి."

"వచ్చేసారి అంటే నాలుగేళ్ళు. అప్పటికి ముఖం మారుతుంది. అప్పుడే రండి, తీస్తాను."

"అప్పటికి నాకు భయమేస్తుందేమో" అంది. "ఇవాళ వేయడం లేదు. ఇవాళే తియ్యండి."

నేను స్టూలును లైటు కిందికి జరిపాను.